మార్క్‌డౌన్ ఫైళ్లను సైటుగా చూడాలంటే: జనరేటర్ లోపల ఏం జరుగుతుంది, తెలుగు దగ్గర ఎక్కడ తడబడుతుంది

మార్క్‌డౌన్ ఫైలంటే మామూలు టెక్స్ట్ ఫైలే. నోట్‌ప్యాడ్‌లో తెరిచినా చదువుకోవచ్చు. శీర్షిక ముందు ఒక # గుర్తు, లావు అక్షరాలు కావాలంటే మాటకు అటూ ఇటూ రెండేసి నక్షత్రాలు, జాబితాకి ముందు ఒక చిన్న గీత. 2004లో జాన్ గ్రూబర్ దీన్ని బయటపెట్టాడు, ఆరన్ స్వార్ట్జ్ అందులో సాయపడ్డాడు. మార్పిడి చేయకపోయినా కంటికి ఇంపుగా చదవగలగాలన్నదే అప్పటి ఉద్దేశం. ఫైళ్లు పదో పదిహేనో ఉన్నంతకాలం అది నిజమే. రెండు వందలయ్యాక, ఒకదాంట్లోంచి ఇంకోదానికి లింకులు, ఫొటోలు, పట్టికలు చేరాక, ఎక్కడ ఏముందో రాసినవాళ్లకే గుర్తుండదు. అప్పుడు స్టాటిక్ సైట్ జనరేటర్ కోసం, అంటే ఈ ఫైళ్లన్నిటినీ వెబ్ పేజీలుగా మార్చి సైటుగా కట్టే ప్రోగ్రాము కోసం, వెతకడం మొదలవుతుంది.

వెతికితే పేర్లు కుప్పలుగా వస్తాయి. ప్రతి ఒక్కటీ ఐదు నిమిషాల్లో సైటు రెడీ అంటుంది. ఐదు నిమిషాల్లో రెడీ అయ్యేది వాళ్లిచ్చిన నమూనా సైటు. అందులో మన ఫైళ్లు పెట్టాకే అసలు కథ మొదలవుతుంది. ఫొటోలు కనపడవు, జాబితాలు ఒకే వరుసలో కలిసిపోతాయి, తెలుగు మాట సెర్చ్ చేస్తే ఏమీ రాదు. వీటిలో ఏదీ వింత కాదు. జనరేటర్ చేసే పని ఏమిటో తెలిస్తే ప్రతిదానికీ కారణం కనపడుతుంది.

ముందుగా ఒక మాట. చూడాల్సినవి నాలుగైదు ఫైళ్లే అయితే జనరేటర్ అక్కర్లేదు. వీఎస్ కోడ్ అనే ఎడిటర్‌లో ఫైలు తెరిచి కంట్రోల్, షిఫ్ట్, వి కలిపి నొక్కితే తయారైన పేజీ కనిపిస్తుంది. కోడ్, ఫైళ్లు దాచుకునే గిట్‌హబ్ సైటులో పెడితే అదే చూపిస్తుంది. మీకు మాత్రమే కావాల్సిన నోట్సయితే ఆబ్సిడియన్ లాంటి యాప్ చాలు. నలుగురూ బ్రౌజర్‌లో చూడాలి, పక్కన మెనూ ఉండాలి, వెతుక్కునే పెట్టె ఉండాలి అనుకున్నప్పుడే ఈ తలనొప్పి పెట్టుకోవడంలో అర్థం ఉంది.

లోపల జరిగేది

వర్డ్‌ప్రెస్ లాంటి సైట్లలో పాఠకుడు పేజీ అడిగినప్పుడు సర్వర్ డేటాబేస్‌లోంచి విషయం తీసి అప్పటికప్పుడు పేజీ కట్టి ఇస్తుంది. స్టాటిక్ జనరేటర్ ఆ పని ముందే ముగిస్తుంది. మీ ఫోల్డర్‌లో ఉన్న ప్రతి మార్క్‌డౌన్ ఫైలుకీ బ్రౌజర్ చదవగలిగే ఒక హెచ్‌టీఎంఎల్ పేజీ తయారుచేసి వేరే ఫోల్డర్‌లో పడేస్తుంది. ఆ ఫోల్డర్‌ని ఎక్కడ పెట్టినా అదే సైటు. దానికి డేటాబేస్ లేదు, పాస్‌వర్డ్ లేదు, హ్యాక్ చేయడానికి లాగిన్ పేజీ కూడా లేదు.

ఈ మార్పిడి కొన్ని అంచెల్లో జరుగుతుంది. మొదట ఫైలు పైభాగాన, మూడేసి చిన్న గీతలున్న (---) రెండు వరుసల మధ్య రాసిన వివరాలను, అంటే పేరు, తేదీ, ట్యాగుల్లాంటివాటిని చదువుతుంది. దీన్ని ఫ్రంట్ మ్యాటర్ అంటారు, ఎక్కువగా యామెల్ పద్ధతిలో, అంటే వరుసకొకటిగా పేరు, కోలన్, విలువ వచ్చేలా రాస్తారు. తర్వాత కింద ఉన్న మార్క్‌డౌన్‌ని హెచ్‌టీఎంఎల్‌గా మారుస్తుంది. ఆ పైన దాన్ని టెంప్లేట్‌లో పెడుతుంది. పెళ్లి శుభలేఖల ప్రెస్సులో డిజైను ముందే సిద్ధంగా ఉండి పేర్లు, ముహూర్తం మాత్రమే మారినట్టు, టెంప్లేట్‌లో మెనూ, రంగులు, ఫాంటు స్థిరంగా ఉంటాయి. చివరగా పేజీల మధ్య లింకులు సరిచేసి, మెనూ, సెర్చ్ సూచిక తయారుచేసి రాసేస్తుంది.

సమస్యలన్నీ ఈ అంచెల దగ్గరే వస్తాయి. ఫ్రంట్ మ్యాటర్‌లో "పేరు: బొబ్బిలి చరిత్ర: మొదటి భాగం" అని రాస్తే జెకిల్, హ్యూగో లాంటి జనరేటర్లు ఎర్రర్ ఇస్తాయి, ఎందుకంటే యామెల్‌కి రెండో కోలన్ అర్థం కాదు. విలువ మొత్తాన్ని కొటేషన్ గుర్తుల్లో పెడితే సరిపోతుంది. అలాగే యామెల్‌లో వరుసను లోపలికి జరపడానికి ట్యాబ్ పనికిరాదు, స్పేసులే వాడాలి. ఇవి చిన్నవే గానీ కొత్తవాళ్లకు ఒక పూట పోతుంది.

పెద్ద చిక్కు రెండో అంచెలో ఉంది. మార్క్‌డౌన్ అన్నది ఒక్కటి కాదు. గ్రూబర్ రాసిన వివరణలో చాలా సందుగొందులు అలాగే వదిలేశాడు. దాంతో ఎవరికి తోచినట్టు వాళ్లు మార్పిడి ప్రోగ్రాములు రాసుకున్నారు. 2014లో జాన్ మెక్‌ఫార్లేన్, మరికొందరు కలిసి కామన్‌మార్క్ పేరుతో కచ్చితమైన నియమాలు రాశారు. గిట్‌హబ్ దాని మీద పట్టికలు, టిక్ పెట్టె జాబితాలు చేర్చింది. అందరూ ఆ దారికి రాలేదు. ఉదాహరణకి ఒక వంట నోట్సులో ఇలా ఉందనుకోండి:

దోశకి కావలసినవి:
- బియ్యం మూడు కప్పులు
- మినప్పప్పు ఒక కప్పు
- మెంతులు అర చెంచా

గిట్‌హబ్‌లో ఇది చక్కటి జాబితాగా వస్తుంది. ఎంకేడాక్స్ అనే జనరేటర్‌లో "దోశకి కావలసినవి: - బియ్యం మూడు కప్పులు - మినప్పప్పు ఒక కప్పు - మెంతులు అర చెంచా" అని ఒకే పేరాగా వచ్చేస్తుంది. ఎంకేడాక్స్ వాడేది పైథాన్-మార్క్‌డౌన్ అనే పాత ప్రోగ్రాము. జాబితాకి ముందు ఖాళీ వరుస ఉండాలన్నది దాని నియమం. జాబితాలో ఉపజాబితా ఉంటే నాలుగు స్పేసులు లోపలికి జరపాలి, రెండు సరిపోవు. వీటికి ప్లగిన్లు, అంటే అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రాములు ఉన్నాయి గానీ నా సలహా వేరు. ఫైళ్లలోనే ఖాళీ వరుస చేర్చండి, నాలుగు స్పేసులు పెట్టండి. చిన్న గీతతో మొదలయ్యే మామూలు జాబితాలకి ఆ రాత ప్రతి ప్రోగ్రాముకీ అర్థమవుతుంది. రేపు జనరేటర్ మార్చినా ఫైళ్లు ముట్టుకోనక్కర్లేదు.

ఏది ఎంచుకోవాలి

ఏది వేగంగా ఉంది, ఏ థీమ్ అందంగా ఉంది అని చూసి ఎంచుకుంటారు చాలామంది. మీ దగ్గర ఫైళ్లు ముందే ఉంటే అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ జనరేటర్ కోసం నా ఫైళ్లలో ఎంత మార్చాలి?

ఆ లెక్కన చూస్తే, 2008లో టామ్ ప్రెస్టన్-వెర్నర్ మొదలుపెట్టిన జెకిల్‌లో ఫ్రంట్ మ్యాటర్ లేని ఫైలు మార్పిడే కాదు, ఉన్నది ఉన్నట్టు కాపీ అయిపోతుంది. గిట్‌హబ్ వాళ్లు సైట్లు నడిపే గిట్‌హబ్ పేజెస్‌లో దీన్ని సర్దే ప్లగిన్ ముందే ఉంటుంది కాబట్టి అక్కడ పనిచేసింది మన కంప్యూటర్లో పనిచేయదు. 2013లో స్టీవ్ ఫ్రాన్షియా గో భాషలో రాసిన హ్యూగో చాలా వేగం, ఒకే ఫైలు దించుకుంటే చాలు, వేరే ఏదీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. వేల పేజీల సైటుకి అదే సరైనది. కానీ అందులో ఒక మాయ ఉంది. ఫోల్డర్‌లో ఇండెక్స్.ఎండి అనే ఫైలుంటే, అదే ఫోల్డర్‌లోని మిగతా మార్క్‌డౌన్ ఫైళ్లు విడి పేజీలుగా రావు. ఆ పేరు ముందు అండర్‌స్కోర్ పెడితేనే వస్తాయి. ఫైళ్లున్నాయి, ఎర్రర్ లేదు, పేజీలు మాత్రం లేవు. ఇది తెలియక తల పట్టుకునేవాళ్లు ఎందరో. మార్క్‌డౌన్ మధ్యలో రాసిన హెచ్‌టీఎంఎల్‌ని కూడా హ్యూగో మామూలుగా తీసేస్తుంది, సెట్టింగ్ మార్చి అనుమతి ఇవ్వాలి.

ఫేస్‌బుక్ 2017లో ఇచ్చిన డాక్యుసారస్ చూడ్డానికి బాగుంటుంది. అది మార్క్‌డౌన్‌ని ఎండీఎక్స్ అనే రూపంలో చదువుతుంది కాబట్టి, వాక్యంలో ఎక్కడైనా < గానీ { గానీ మామూలుగా రాసి ఉంటే బిల్డ్, అంటే సైటు తయారీ, ఆగిపోయే ప్రమాదముంది. కొత్తగా రాసేవాళ్లకు ఫరవాలేదు, పాత నోట్సుకి మాత్రం వద్దంటాను. రస్ట్ భాషలో రాసిన ఎండీబుక్ పుస్తకాల్లాంటి వాటికి బాగుంటుంది, అయితే విషయసూచిక ఫైల్లో చేర్చని అధ్యాయం సైటులోకి రాదు.

2014లో టామ్ క్రిస్టీ విడుదల చేసిన ఎంకేడాక్స్ ఈ పనికి అన్నిటికన్నా అనువైనదని నా అభిప్రాయం. ఫ్రంట్ మ్యాటర్ అక్కర్లేదు. ఫోల్డర్ల అమరికే మెనూ అవుతుంది. ఒక ఫైల్లోంచి ఇంకో .ఎండి ఫైలుకి ఇచ్చిన లింకుని తనంతట తాను పేజీ లింకుగా మారుస్తుంది. అంటే గిట్‌హబ్‌లో పనిచేసే లింకే సైటులోనూ పనిచేస్తుంది. ఆ జాబితాల గొడవ ఒక్కటి భరిస్తే చాలు.

అమర్చడం

పైథాన్ ఉన్న కంప్యూటర్లో, పైథాన్ ప్రోగ్రాములను దించిపెట్టే పిప్‌తో ఎంకేడాక్స్ ఇన్‌స్టాల్ చేయాలి. కొత్త ఉబుంటు, డెబియన్ లినక్స్‌లలో నేరుగా పిప్ వాడితే ఇది బయటివాళ్ల నిర్వహణలో ఉన్న వాతావరణం అని ఎర్రర్ వస్తుంది. అది మీ తప్పు కాదు. సిస్టమ్ పైథాన్ చెడిపోకుండా వాళ్లు పెట్టుకున్న కాపలా. ఒక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్, అంటే సిస్టమ్ పైథాన్‌ని ముట్టుకోని విడి ఫోల్డర్, తయారుచేసుకుని అందులో ఇన్‌స్టాల్ చేస్తే గొడవ ఉండదు. విండోస్‌లో ఎంకేడాక్స్ అనే కమాండే లేదని చెబితే, పైథాన్‌నే పిలిచి డ్యాష్ ఎం తగిలించి మాడ్యూల్‌గా నడపొచ్చు.

నమూనా ప్రాజెక్టు తయారుచేయమని ఎంకేడాక్స్‌కి చెబితే డాక్స్ అనే ఫోల్డర్, ఎంకేడాక్స్.వైఎంఎల్ అనే సెట్టింగుల ఫైలు ఇస్తుంది. చాలామంది ఇక్కడే తమ ఫైళ్లన్నీ డాక్స్‌లోకి కాపీ చేస్తారు. ఇక రెండు ప్రతులు, ఏది తాజాదో తెలియని పరిస్థితి. అలా చేయొద్దు. మీ నోట్స్ ఫోల్డర్ ఎక్కడుందో అక్కడే ఉంచి, సెట్టింగుల ఫైలుని దానికి ఒక మెట్టు పైన పెట్టండి. డాక్స్ డైరెక్టరీ (docs_dir) అనే సెట్టింగులో మీ ఫోల్డర్ పేరు రాయండి. సెట్టింగుల ఫైలుని నోట్స్ ఫోల్డర్ లోపలే పెడితే ఎంకేడాక్స్ ఒప్పుకోదు.

ఆ తర్వాత సర్వ్ కమాండ్ ఇస్తే 127.0.0.1:8000 అన్న అడ్రస్‌లో సైటు కనిపిస్తుంది. ఫైలు మార్చి సేవ్ చేసిన వెంటనే బ్రౌజర్ దానంతట అదే మారుతుంది. ఈ అడ్రస్ మీ కంప్యూటర్లోనే ఉంటుంది, బయటివాళ్లకు కనపడదు. బిల్డ్ కమాండ్ ఇస్తే సైట్ అనే ఫోల్డర్‌లో పేజీలు తయారవుతాయి. దానికి స్ట్రిక్ట్ అన్న మాట తగిలిస్తే, తెగిన లింకు ఉందన్న హెచ్చరిక ఒక్కటి వచ్చినా, హెచ్చరికలన్నీ చూపించి బిల్డ్ విఫలమైందంటుంది. మొదటిసారి అలా నడిపితే తెగిన లింకులు ఇన్నున్నాయా అనిపిస్తుంది. ఓపిక చేసుకుని సరిచేయాల్సిందే.

తయారైన ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి నెట్ లేని చోట చూడాలనుకుంటే ఇంకో తిరకాసు. మొదటి పేజీ తెరుచుకుంటుంది, లింకు నొక్కితే పేజీ బదులు ఫైళ్ల జాబితా వస్తుంది. ఎంకేడాక్స్ ప్రతి పేజీకీ ఒక ఫోల్డర్ చేసి అందులో ఇండెక్స్ ఫైలు పెడుతుంది. సర్వర్ ఉంటే అది వెతికి తెరుస్తుంది, ఫైలు మీద డబుల్ క్లిక్ చేసినప్పుడు అలా తెరిచేవాళ్లు లేరు. యూజ్ డైరెక్టరీ యూఆర్‌ఎల్స్ అనే సెట్టింగుని ఫాల్స్ చేస్తే విడి ఫైళ్లుగా వస్తాయి, లింకులు పనిచేస్తాయి. సెర్చ్ మాత్రం అప్పుడూ పనిచేయకపోవచ్చు. సర్వర్ లేకుండా తెరిచిన పేజీని పక్క ఫైలు చదవనివ్వకుండా బ్రౌజర్లు ఆపుతాయి. ఎంకేడాక్స్ సైటుకి రూపాన్నిచ్చే మెటీరియల్ థీమ్‌లో దీనికోసం ఆఫ్‌లైన్ ప్లగిన్ ఉంది.

తెలుగు దగ్గర

ఇంగ్లీషు నోట్సుకయితే పైన చెప్పింది చాలు. తెలుగు నోట్సుకి కొన్ని అదనపు పనులున్నాయి.

పేజీలో ప్రతి శీర్షికకీ జనరేటర్ ఒక గుర్తింపు పేరు ఇస్తుంది. పక్కనుండే విషయసూచిక, ఫలానా భాగానికి నేరుగా పంపే లింకు దాని మీదే నడుస్తాయి. పైథాన్-మార్క్‌డౌన్ మామూలుగా ఇంగ్లీషు అక్షరాలు తప్ప మిగతావి తీసేస్తుంది. పూర్తిగా తెలుగులో ఉన్న శీర్షికలో అవి తీసేస్తే ఏమీ మిగలదు. అందుకని _1, _2, _3 అని నంబర్లు ఇచ్చుకుంటూ పోతుంది. సైటు బాగానే నడుస్తుంది. ఒకరోజు మీరు మధ్యలో కొత్త శీర్షిక చేరుస్తారు, కింద ఉన్న నంబర్లన్నీ జరిగిపోతాయి. అంతకుముందు వాట్సాప్‌లో పంపిన లింకులన్నీ వేరే భాగానికి వెళ్తాయి.

దీనికి యూనికోడ్ అక్షరాలను, అంటే తెలుగు లాంటి లిపులను కూడా, ఉంచే ప్రత్యామ్నాయం అందులోనే ఉంది. పెట్టి చూస్తే నవ్వొస్తుంది. "గోదావరి జిల్లాలు" అన్న శీర్షిక "గదవర-జలలల" అవుతుంది. పైథాన్ దృష్టిలో గ, ద, వ అక్షరాలే గానీ గుడి, దీర్ఘం, కొమ్ము, పొల్లు అక్షరాలు కావు, గుర్తులు. అక్షరాలు కానివాటిని ఏరిపారేయమంటే అవన్నీ పోతాయి. సున్నా కూడా పోతుంది. కాబట్టి ముఖ్యమైన శీర్షికలకు పేరు మనమే ఇవ్వడం ఉత్తమం. అట్రిబ్యూట్ లిస్ట్ (attr_list) అనే ఎక్స్‌టెన్షన్ చేర్చి, శీర్షిక చివర మీసాల బ్రాకెట్లలో # గుర్తుతో ఇంగ్లీషు అక్షరాల్లో ఒక చిన్న పేరు రాస్తే అదే శాశ్వతం. అన్నిటికీ అక్కర్లేదు, ఇతరులకు లింకు పంపే భాగాలకు చాలు.

ఫైలు పేర్లకూ ఇదే మాట. తెలుగులో పెట్టొచ్చు, పనిచేస్తుంది. కానీ లింకు కాపీ చేసి పంపినప్పుడు ఒక్కో తెలుగు గుర్తూ శాతం గుర్తులతో తొమ్మిది అక్షరాలుగా మారిపోతుంది. "గోదావరి" అన్న ఒక్క మాటే 63 అక్షరాల చాంతాడు. ఫైలు పేరు ఇంగ్లీషు అక్షరాల్లో, పేజీ పేరు తెలుగులో ఉంచితే అందరికీ సుఖం.

సెర్చ్ సంగతి ఇంకా విచిత్రం. ఎంకేడాక్స్ సెర్చ్ వెనక లునర్ అనే జావాస్క్రిప్ట్ ప్రోగ్రాము ఉంటుంది. అది ప్రతి మాటకీ అటూ ఇటూ అంటుకున్న కామాలు, చుక్కలు కోసేస్తుంది. జావాస్క్రిప్ట్‌లో ఆ కోతకు వాడే పాత నియమం ప్రకారం ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ తప్ప ఏదీ మాటలో భాగం కాదు. తెలుగు మాట మొత్తం కోతలో పోతుంది. సూచికలో ఏమీ ఉండదు, వెతికితే ఏమీ రాదు. సెర్చ్ ప్లగిన్‌కి భాషలు చెప్పే సెట్టింగ్ ఉంది. మెటీరియల్ థీమ్ ఇచ్చే జాబితాలో తెలుగు కూడా ఉంది. ఇంగ్లీషు, తెలుగు రెండూ రాసి, మీ నోట్సులో ఉన్న ఒక తెలుగు మాట కొట్టి చూసుకోండి. అయినా తెలుగులో విభక్తులు మాటకి అతుక్కునే ఉంటాయి కాబట్టి "వరంగల్లులో" అని రాసినచోట "వరంగల్లు" అని వెతికితే దొరకని సందర్భాలు ఉంటాయి.

ఫాంటు విషయం తొందరగా తేలుతుంది. మెటీరియల్ థీమ్ మామూలుగా రోబోటో వాడుతుంది, అందులో తెలుగు లేదు. చూసేవాళ్ల కంప్యూటర్లో ఏ తెలుగు ఫాంటుంటే అది కనిపిస్తుంది. నోటో సాన్స్ తెలుగు గానీ మండలి గానీ, పేజీ రూపాన్ని చెప్పే సీఎస్ఎస్ ఫైల్లో చేర్చి, వరుసల మధ్య దూరం పెంచండి. ఇంగ్లీషుకి సరిపోయిన దూరంలో మన ఒత్తులు కింద వరుస నెత్తినెక్కుతాయి. ఇక అను ఫాంట్లలో టైపు చేసిన పాత డీటీపీ ఫైళ్లుంటే వాటిని ముందు యూనికోడ్‌లోకి మార్చాలి. జనరేటర్ ఏదైనా వాటిని అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలుగానే చూస్తుంది.

బయట పెట్టేటప్పుడు

గిట్‌హబ్ పేజెస్‌లో పెట్టడానికి ఎంకేడాక్స్‌లో ఒకే కమాండ్ ఉంది. సైటుని తయారుచేసి గిట్‌హబ్‌లో వేరే బ్రాంచిలోకి, అంటే మీ ఫైళ్లతో కలవని విడి శాఖలోకి పంపేస్తుంది. సైటు 1 జీబీ దాటకూడదు. ఎక్కువమంది తడబడేది ఫొటోల దగ్గర. విండోస్‌లో పెద్దబడి, చిన్నబడి అక్షరాల తేడా పట్టింపు లేదు, గిట్‌హబ్ పేజెస్‌కి ఉంది. కెమెరా ఇచ్చిన ఫొటో పేరు చివర జేపీజీ పెద్దబడిలో ఉండి, మీరు లింకులో చిన్నబడిలో రాస్తే ఇంట్లో ఫొటో కనిపిస్తుంది, నెట్‌లో కనిపించదు. అలాగే సైటు చిరునామా చివర ప్రాజెక్టు పేరు ఉంటుంది కాబట్టి, ఏటవాలు గీతతో (/) మొదలుపెట్టి రాసిన చిరునామాలు తప్పు చోటికి వెళ్తాయి. ఒక ఫైలుకి ఇంకో ఫైలు ఎక్కడుందో దాన్నిబట్టి రాసినవి ఎక్కడైనా పనిచేస్తాయి.

ఇంకోటి చాలా ముఖ్యం. మెనూలోంచి తీసేసిన పేజీ సైటులోంచి పోయినట్టు కాదు. ఫోల్డర్‌లో ఉన్న ప్రతి మార్క్‌డౌన్ ఫైలూ పేజీ అవుతుంది. చుక్కతో మొదలయ్యే పేర్లు తప్ప మిగతా ఫైళ్లన్నీ, అంటే ఎక్సెల్ షీట్లు, పీడీఎఫ్‌లు, ఎప్పుడో పాస్‌వర్డులు రాసుకున్న టెక్స్ట్ ఫైలు, అన్నీ కాపీ అయి బయటికి వెళ్తాయి. పేజీలయితే సెర్చ్‌లో కూడా వస్తాయి. ఎంకేడాక్స్ 1.5 నుంచి ఎక్స్‌క్లూడ్ డాక్స్ అనే సెట్టింగ్ ఉంది, వద్దన్నవి అందులో రాయొచ్చు. పబ్లిష్ చేసే ముందు సైట్ ఫోల్డర్ తెరిచి ఒకసారి కళ్లారా చూసుకోవడం అంతకన్నా నమ్మకం.

వెర్షన్ నంబర్లు కూడా ఒక ఫైల్లో రాసిపెట్టుకోవాలి. మార్టిన్ డోనాట్ నడిపే మెటీరియల్ థీమ్ బృందం 2025 నవంబరులో జెన్సికల్ అనే కొత్త జనరేటర్‌ని ప్రకటించింది. పాత థీమ్‌కి ఇకపై మరమ్మతులే తప్ప కొత్త సౌకర్యాలు రావు. జెన్సికల్ ఎంకేడాక్స్ సెట్టింగుల ఫైలుని చదవగలదు కాబట్టి కంగారు అక్కర్లేదు. ఇబ్బందల్లా థీమ్ ఇచ్చే ప్రత్యేక రాతలతోనే. మూడు ఆశ్చర్యార్థకాలతో మొదలుపెట్టే రంగు పెట్టెలు సైటులో ముచ్చటగా ఉంటాయి, అదే ఫైలు గిట్‌హబ్‌లో తెరిస్తే ఆ గుర్తులు అలాగే కనపడతాయి. ముఖ్యమైన మాట విడిగా చూపించాలంటే వరుస ముందు > గుర్తు పెట్టి మొదటి మాట లావుగా రాస్తే చాలు. నోట్‌ప్యాడ్‌లో తెరిచినా అది చదవడానికి బాగానే ఉంటుంది.